సైకియాట్రిస్టు దగ్గరికి మొదటిసారి ఎలా వెళ్ళాలి? ఇంట్లో తెలుస్తుందా?

ప్రశ్న: నాకు 19 ఏళ్ళు. హైదరాబాద్‌లో బీటెక్ రెండో సంవత్సరం, హాస్టల్‌లో ఉంటాను. రెండు నెలలుగా నిద్ర సరిగ్గా పట్టట్లేదు, క్లాసులకు వెళ్ళబుద్ధి కావట్లేదు, ఊరికే గుండె దడ. కౌన్సెలర్‌ని కలవాలా, సైకియాట్రిస్టునా? ఖర్చెంత? ఇంట్లో తెలుస్తుందా? మాత్రలు మొదలుపెడితే జీవితాంతం వాడాల్సిందేనా? రేపు ఉద్యోగానికి అడ్డం వస్తుందా?

జవాబు:

ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీలో మీ వయసు వాళ్ళతో రోజూ మాట్లాడే పని నాది. అందరూ మొదటిసారి ఎలా వెళ్ళాలనే అడుగుతారు. కానీ చాలామంది ఆగిపోయేది రెండోసారి దగ్గర. ధైర్యం కూడగట్టుకుని ఒకసారి వస్తారు, మాత్రలు పట్టుకెళ్తారు, వారం పది రోజులకు మానేస్తారు, ఇక కనిపించరు. కొన్ని నెలల తర్వాత సబ్జెక్టులు మిగిలిపోయి, అటెండెన్స్ పోయి, ఇంకా నలిగిపోయి వస్తారు. అందుకే మొదటిసారి ఎలా వెళ్ళాలో చెబుతూనే, రెండోసారి ఎందుకు తప్పిపోతుందో కూడా చెబుతాను.

ముందు ఎవరిని కలవాలన్నది. పరీక్షల భయం, ప్రేమ విఫలం, రూమ్మేట్లతో గొడవ లాంటి ఒక్క విషయం మీద మనసు చిక్కుకుని, తిండీ నిద్రా మామూలుగానే ఉంటే కౌన్సెలర్‌తో మొదలుపెట్టవచ్చు. మీ విషయం అలా లేదు. రెండు నెలలుగా నిద్ర చెడింది, క్లాసులు పోతున్నాయి, శరీరంలో కూడా తెలుస్తోంది. ముందు సైకియాట్రిస్టునే కలవండి. థైరాయిడ్ ఎక్కువైతే దడ, నిద్రలేమి రెండూ వస్తాయి. రక్తం తక్కువైనా దడ, నీరసం ఉంటాయి. బీ12 తగ్గితే నీరసం, మతిమరుపు. హాస్టల్ తిండి తినేవాళ్ళలో, ముఖ్యంగా అమ్మాయిల్లో, రక్తహీనత మామూలే. ఎంబీబీఎస్ చదివి ఆ మీద సైకియాట్రీ చేసిన డాక్టర్ ఈ పరీక్షలు రాసి అది కూడా చూస్తారు. కౌన్సెలింగ్ అవసరమైతే ఆయనే పంపుతారు. రెండూ కలిపి నడిచినప్పుడే చాలామందికి బాగా గుణం కనిపిస్తుంది.

ఇవాళే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు భాష ఎంచుకోమంటుంది, తర్వాత కౌన్సెలర్ లైన్లోకి వస్తారు. మొదట పేరు, వయసు, ఊరు లాంటి ప్రశ్నలు వస్తాయి. అక్కడే విసుగొచ్చి పెట్టేసేవాళ్ళున్నారు, పెట్టేయకండి. అసలు మాట ఆ తర్వాతే మొదలవుతుంది. అవసరాన్ని బట్టి సైకియాట్రిస్టుకు కలుపుతారు, లేదా మీకు దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. రూములో నలుగురుండగా చేస్తే నోరు పెగలదు. డాబా మీదికో బయటికో వెళ్ళి, చార్జింగ్ చూసుకుని, అరగంట తీరిక పెట్టుకుని చేయండి.

ఇక ఆసుపత్రి. హైదరాబాద్‌లో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఎర్రగడ్డలో ఉంది, విశాఖలో చిన్నవాల్తేరులో ఉంది. ‘ఎర్రగడ్డ’ అన్న మాటనే తిట్టుగా వాడటం చిన్నప్పటి నుంచీ విని ఉంటారు. ఆ ఒక్క మాట వల్ల వైద్యం ఆలస్యమైన పిల్లలు ఎంతమందో. మీకు అక్కడికి వెళ్ళడం ఇబ్బందిగా ఉంటే ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగం ఉంది. జిల్లాల్లో ఉన్నవాళ్ళు దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళవచ్చు. జనరల్ ఆసుపత్రి గేటు లోపలికి వెళ్ళే మనిషి పంటి నొప్పికి వెళ్తున్నాడో మనసు బాగోలేక వెళ్తున్నాడో చూసేవాళ్ళకు తెలియదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అది పెద్ద ఊరట, అందుకే చాలామందికి అదే చెబుతాను.

ఓపీ ఉదయం పూటే. చీటీ కౌంటర్ తెరిచేసరికి అక్కడ ఉండండి, పదకొండు దాటాక వెళ్తే హడావుడిగా చూసి పంపే ప్రమాదం ఉంది. సోమవారం రద్దీ ఎక్కువ, సెలవు మర్నాడు ఇంకా ఎక్కువ. పూట మొత్తం కేటాయించుకోండి. ఆధార్, ఫోను, పాత రిపోర్టులేమైనా ఉంటే అవి, నీళ్ళసీసా, తినడానికి ఏదైనా తీసుకెళ్ళండి. చూసేది, మందులిచ్చేది ఉచితంగానే. ఎప్పుడైనా ఒక మాత్ర స్టాకు లేక బయట కొనమంటే జన్ ఔషధి షాపులో అడగండి, బ్రాండు మాత్ర కంటే చాలా చవక.

బోధనాసుపత్రిలో ముందు పీజీ డాక్టర్ కూర్చోబెట్టి వివరాలన్నీ రాసుకుంటారు, ఆ తర్వాత సీనియర్ డాక్టర్ చూస్తారు. చెప్పిందే రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. వినక అడగడం కాదు, పద్ధతి అంతే. అక్కడ డాక్టర్లు యూనిట్లుగా పనిచేస్తారు, ఒక్కో యూనిట్‌కు వారంలో కొన్ని ఓపీ రోజులుంటాయి. మీ చీటీ మీద ఏ యూనిట్, వారంలో ఏ రోజు అన్నది చూసి రాసుకోండి. తర్వాతిసారి వేరే రోజు వెళ్తే వేరే డాక్టర్ ఉంటారు, కథ మళ్ళీ మొదటికొస్తుంది. రెండోసారి రాకపోవడానికి నేను చూసిన ఒక కారణం ఇది. అక్కడి నుంచి కదిలే ముందే తర్వాతి తేదీ అడిగి, ఆ రోజు ల్యాబ్‌గానీ ఇంటర్నల్‌గానీ ఉందేమో చూసుకుని, ఫోనులో పెట్టుకోండి.

సీనియర్ డాక్టర్ మీతో గడిపేది బహుశా పది, పదిహేను నిమిషాలు. ఆ సమయంలో ఏడుపొస్తుంది, లేదా ‘ఏం లేదు సార్, కొంచెం టెన్షన్’ అనేసి లేచి వచ్చేస్తారు. అందుకని ముందు రోజు రాత్రి ఒక కాగితం రాసుకోండి. ఎప్పటి నుంచి ఇలా ఉంది, దానికి ముందు ఏదైనా జరిగిందా. పక్క మీదికి ఎన్నింటికి వెళ్తున్నారు, నిద్ర ఎన్నింటికి పడుతోంది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ. తిండి, బరువు. దడ వచ్చినప్పుడు ఎంతసేపుంటుంది, చెమటలు, ఊపిరాడనట్టు ఉండటం ఉందా. వాడుతున్న మాత్రలన్నీ, మొటిమలకు వాడేవి కూడా. అమ్మ వైపు, నాన్న వైపు ఎవరికైనా మానసిక సమస్యగానీ ఆత్మహత్యగానీ ఉందా. అమ్మాయిలైతే నెలసరికి ముందు ఎక్కువవుతోందా.

మూడు విషయాలు మాత్రం దాచకండి. మొదటిది, ఇంతకు ముందెప్పుడైనా రెండు మూడు గంటలే పడుకున్నా అలుపు లేకుండా, రోజుల తరబడి విపరీతమైన హుషారుగా, ఎడతెగకుండా మాట్లాడుతూ, అలవి మీరి ఖర్చు పెడుతూ గడిచిన కాలం ఉందా అన్నది. అది మీకు సమస్యలా అనిపించి ఉండదు, ‘అప్పుడు సూపర్‌గా ఉన్నాను’ అంటారు. కానీ బైపోలార్ (కొన్నాళ్ళు అలాంటి హుషారు, కొన్నాళ్ళు దిగులు వచ్చే జబ్బు) ఉన్న మనిషికి దిగులు తగ్గించే మాత్ర ఒక్కటే ఇస్తే ఆ హుషారు అదుపు తప్పవచ్చు. డాక్టర్ మందు ఎంచుకోవడం ఈ జవాబు మీద ఆధారపడుతుంది. రెండోది గంజాయి, మద్యం, సిగరెట్, రోజుకెన్ని కాఫీలు, ఎనర్జీ డ్రింకులు. గంజాయి మాట చెబితే పోలీసులకు చెప్తారని పిల్లలు భయపడతారు. డాక్టర్ అడిగేది వైద్యం కోసం. దడకు, నిద్రలేమికి, అనుమానాలకు గంజాయే కారణమైతే ఆ సంగతి తెలియకుండా ఇచ్చే మందు ఎంతకాలం వాడినా పెద్దగా లాభం లేదు. మూడోది, చచ్చిపోవాలన్న ఆలోచన. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి.

ఇంటర్నెట్‌లో దిగులు ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి దొరుకుతుంది. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. పది, అంతకు మించి వస్తే డాక్టర్‌ని కలవాల్సిందే అని తీసుకోండి. అది జబ్బును తేల్చదు, కానీ ఇవాళ్టి స్కోరు, నెల తర్వాతి స్కోరు పక్కపక్కన పెడితే మందు పనిచేస్తోందో లేదో డాక్టర్‌కు త్వరగా తెలుస్తుంది.

మాత్రల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మానేసేవాళ్ళలో ఎక్కువమంది మానేసేది ఇక్కడే. దిగులుకూ ఆందోళనకూ మామూలుగా మొదట రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలైన్, ఫ్లూఆక్సిటిన్ లాంటివి. ఎస్సిటలోప్రామ్ అయితే చాలాసార్లు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10 చేస్తారు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, వికారం, తలనొప్పి, విరేచనాలు, లోపల ఏదో కుదురులేనితనం మొదటి వారంలోనే వస్తాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే మొదటి పది రోజులు కష్టమే కనిపిస్తుంది, లాభం కనిపించదు. సరిగ్గా అప్పుడే గూగుల్ చేస్తారు, రూమ్మేట్ ‘ఎందుకురా ఇవన్నీ’ అంటాడు, అట్ట పక్కన పడేస్తారు. ఈ రెండు వారాలు ఇలాగే ఉంటుందని ముందే తెలిసినవాళ్ళు తట్టుకుంటారు. తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. మాత్ర వల్ల మెలకువ వస్తుంటే పొద్దున, మగతగా ఉంటే రాత్రి మార్చమని డాక్టర్‌ని అడగండి. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి.

మీ వయసు వాళ్ళకు ఒక హెచ్చరిక తప్పనిసరి. 25 ఏళ్ళ లోపు వాళ్ళలో కొద్దిమందికి ఈ మాత్రల మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు, అశాంతి పెరిగి చావు ఆలోచనలు ఎక్కువ కావచ్చు. అలా అనిపిస్తే తర్వాతి తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. అందుకే మీరు మాత్రలు మొదలుపెట్టిన సంగతి ఒక్క స్నేహితుడికైనా చెప్పి ఉంచండి.

జీవితాంతం వాడాలా అన్నారు. మొదటిసారి వచ్చిన దిగులైతే, పూర్తిగా బాగైన తర్వాత మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. ఈ మాత్రలు మత్తు అలవాటు చేసేవి కావు. కానీ హఠాత్తుగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు వస్తాయి. అది చూసి ‘చూశావా, అలవాటైపోయింది’ అనుకుంటారు. నిదానంగా తగ్గిస్తే ఆ బాధ చాలామటుకు ఉండదు. రెండో నెలలో బాగనిపించి మానేసినవాళ్ళు, జబ్బు తిరగబెట్టి మళ్ళీ రావడం మాకు పరిపాటి. అలవాటు పడే ప్రమాదం నిజంగా ఉన్నవి వేరే: క్లొనజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటివి. మొదట్లో దడకూ నిద్రకూ కొద్దిరోజులు రాస్తారు. చీటీలో అవి కనిపిస్తే ‘ఇది ఎన్ని రోజులు సార్?’ అని అడిగి, ఆ సంఖ్య చీటీ మీదే రాయించుకోండి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్ళీ మళ్ళీ కొనుక్కోవడం, స్నేహితుడి అట్టలోంచి తీసుకోవడం వద్దు. అవి వేసుకుని మద్యం తాగితే ఊపిరికే ప్రమాదం.

ఇంట్లో తెలియడం గురించి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యం. మీకు 18 నిండాయి కాబట్టి మీరొక్కరే వెళ్ళవచ్చు. డాక్టర్ తనంతట తాను ఇంటికి ఫోన్ చేయరు. మినహాయింపులున్నాయి: ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని జరగబోతున్నప్పుడు, చట్టం ప్రకారం అధికారులు కోరినప్పుడు. మీరు సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే మీ తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి మీరే నియమించుకోవచ్చు. అది నాన్నే కానక్కర్లేదు, మేజరైన అక్క కావచ్చు, నమ్మకమైన స్నేహితుడు కావచ్చు, వాళ్ళు ఒప్పుకోవాలి. ఇంటర్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇది చదువుతుంటే: 18 లోపు వాళ్ళ వైద్యానికి తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. లైంగిక వేధింపు విషయం చెబితే పోక్సో చట్టం ప్రకారం డాక్టరైనా కౌన్సెలరైనా పోలీసులకు తెలియజేసి తీరాలి. ఆ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. అలాగని దాచమని కాదు.

సంగతి ఇంటికి పొక్కేది డాక్టర్ దగ్గర్నుంచి కాదు, ఫోన్ల దగ్గర్నుంచి. ఓపీ చీటీ కోసం ఆభా (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) క్యూఆర్ స్కాన్ చేయమంటారు. మీ ఆధార్‌కు నాన్న నంబరు లింకై ఉంటే ఆభా చేసేటప్పుడు ఓటీపీ ఆయన ఫోనుకే వెళ్తుంది. ముందే మీ నంబరు మార్పించుకోండి, లేదా కౌంటర్‌లో మామూలు చీటీ అడగండి. నాన్న కంపెనీ ఇన్సూరెన్సు వాడితే మెసేజ్ ఆయనకు వెళ్తుంది. ఇంట్లో అందరూ వాడే యాప్‌లో మందులు ఆర్డర్ చేసినా, అమ్మ ఖాతాకు లింకైన యూపీఐతో కట్టినా అంతే.

ఇంత చెప్పాక కూడా నా అభిప్రాయం ఒకటుంది: ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మందులు నెలల తరబడి వాడాలి, ఒంటరిగా దాచుకుంటూ వాడటం బరువు. అమ్మానాన్నలకు నేరుగా చెప్పలేకపోతే అక్కో, పిన్నో, మేనమామో ఉంటారు. జబ్బు పేరుతో మొదలుపెట్టకండి. ‘రెండు నెలలుగా నిద్ర పట్టట్లేదు, దడగా ఉంటోంది, డాక్టర్‌కి చూపించుకున్నాను, రక్తపరీక్షలు రాశారు, మందు ఇచ్చారు, ఫలానా తేదీకి మళ్ళీ రమ్మన్నారు’ అని చెప్పండి. డిప్రెషన్ అన్న మాట ముందు పడితే ‘మేమేం తక్కువ చేశాం’ అన్న ప్రశ్న వస్తుంది, ఆ తర్వాత మాట ముందుకు సాగదు.

కాలేజీ కౌన్సెలర్ గురించి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలంది. మీ కాలేజీలో ఉన్నారేమో అడగండి. వెళ్ళే ముందు ‘నేను చెప్పింది ప్రిన్సిపాల్‌కో హెచ్‌ఓడీకో వెళ్తుందా, రిజిస్టర్ ఎవరి దగ్గరుంటుంది’ అని సూటిగా అడగండి. క్రమశిక్షణ చూసే లెక్చరరే కౌన్సెలర్‌గా కూర్చుంటే, మీరు బయటి వాళ్ళను చూసుకోవడమే మేలు. అటెండెన్స్ కోసం సర్టిఫికెట్ కావాలంటే జబ్బు పేరు లేకుండా ‘చికిత్సలో ఉన్నారు’ అని మాత్రమే రాయమని అడగవచ్చు. సీలులో విభాగం పేరు కనిపిస్తుందేమో చూసుకోండి.

బయట కౌన్సెలింగ్‌కు వెళ్తే క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడగండి. సైకాలజిస్టులు మాత్రలు రాయరు. సెషన్ ముప్పావు గంట నుంచి గంట దాకా, మామూలుగా వారానికొకటి. ఫీజు ఊరిని బట్టి కొన్ని వందల నుంచి రెండు వేలు దాటి కూడా ఉంటుంది, ఫోనులోనే తేల్చుకోండి. ఒక్క సిట్టింగ్‌లో మాయం చేస్తామనేవాళ్ళు, హిప్నాటిజం గ్యారంటీ అనేవాళ్ళు, ప్యాకేజీ మొత్తం ముందే కట్టమనేవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. మూడు నాలుగు సెషన్లయినా ఏం చేయబోతున్నారో మీకు అర్థం కాకపోతే అడగండి, అప్పటికీ కుదరకపోతే మనిషిని మార్చండి. వైద్యాన్ని మాత్రం ఆపకండి.

చచ్చిపోవాలన్న ఆలోచన బలంగా ఉంటే, ఎలా అన్నదాకా వెళ్తే, ఓపీ కోసం తెల్లవారేదాకా ఆగొద్దు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది. 108 లేదా 112కు చేయండి, ఒంటరిగా ఉండొద్దు, పక్క గదివాళ్ళను లేపండి. ఎవరైనా ప్రయత్నం చేసి ఆసుపత్రికి వస్తే అక్కడ ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, పోలీసులకు తెలిపే నమోదు) రాస్తారు, పోలీసు వచ్చి వివరాలు రాసుకోవచ్చు. అది చూసి కేసు పెడతారని భయపడి స్నేహితులు ఆసుపత్రికి తేవడమే ఆలస్యం చేస్తున్నారు. ఆ ఆలస్యం వల్లే ప్రాణాలు పోతున్నాయి. పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని చెబుతుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షన్ లేదు.

ఉద్యోగం సంగతి తేలిక. కంపెనీలు చేసే వెరిఫికేషన్ చదువు, పాత ఉద్యోగాలు, పోలీసు రికార్డు మీద ఉంటుంది. మీ ఓపీ చీటీ మీ అనుమతి లేకుండా వాళ్ళకు వెళ్ళదు. సైన్యం, పైలట్ లాంటి వాటికి వైద్య చరిత్ర రాతపూర్వకంగా అడుగుతారు, అక్కడ అబద్ధం రాయకూడదు. ఇన్సూరెన్సు ఫారంలోనూ అంతే. మానసిక జబ్బుకూ శారీరక జబ్బులాగే బీమా ఉండాలని చట్టం చెబుతోంది గానీ, దాచి తీసుకున్న పాలసీ తర్వాత చిక్కు తెస్తుంది.

సంక్రాంతికో దసరాకో ఇంటికి వెళ్ళేముందు మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్క చూసుకోండి. ప్రభుత్వ ఓపీలో సాధారణంగా రెండు వారాలకో నెలకో ఇస్తారు. పండగ సెలవుల్లో అట్ట అయిపోయి, ఊళ్ళో అడిగితే బయటపడుతుందని అలాగే వదిలేసి, అక్కడితో వైద్యం తెగిపోయినవాళ్ళు చాలామంది. వారానికి సరిపడా ఎక్కువ రాయమని ముందే అడగండి, చీటీ ఫొటో ఫోనులో పెట్టుకోండి.